ఒక్క ఓటు, ఒక్క పరుగు, మన మెస్ కమిటీ



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేశారు. "క్రికెట్ గురించి రాయన్నా, అందరూ చదువుతారు" అన్నాడొకడు. "నువ్వు పొలిటికల్ సైన్స్ కదా, పార్లమెంటు గురించి రాయి" అన్నాడు ఇంకొకడు. ఇద్దరూ నాకు కావలసిన వాళ్లే. అందుకని రెండూ కలిపి రాస్తున్నాను. చివర్లో నేను చేసిన ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. అది మన హాస్టల్లోనే జరిగింది. పాత బ్యాచ్ వాళ్లకు ఇప్పటికే అర్థమై ఉంటుంది.

పోయిన వార్షికోత్సవానికి 1999లో ఇక్కడ ఉండి డిగ్రీ చదివిన ఒక అన్నయ్య వచ్చారు. ఇప్పుడు ఆయన టీచరు. భోజనాలయ్యాక మెట్ల మీద కూర్చుని ఆ ఏడాది సంగతి చెప్పారు. ఏప్రిల్ 16న షార్జాలో పాకిస్తాన్‌తో ఫైనల్. మనవాళ్లు 125కే ఆలౌట్. వాళ్లు రెండే వికెట్లు పోగొట్టుకుని కొట్టేశారు. "ఆ రాత్రి ఎవడూ అన్నం సరిగా తినలేదురా. మర్నాడు టీవీ పెడితే పార్లమెంటు. అక్కడ స్కోరు 269, 270 అని వచ్చింది. ఒక్కటంటే ఒక్కటి తేడా. ఇదేం మ్యాచ్‌రా బాబూ అనుకున్నాం" అన్నారు.

అప్పటికి నేను పుట్టలేదు. కానీ ఆ మాట నాకు పట్టుకుంది. ఎం.ఏ.లో ఆ విశ్వాస పరీక్ష గురించి దొరికినదల్లా చదివాను. చదివిన కొద్దీ మన హాస్టల్ గ్రౌండే గుర్తొచ్చింది.

ముందు జరిగింది చెప్తాను. 1998 మార్చిలో వాజ్‌పేయి గారి సంకీర్ణ ప్రభుత్వం వచ్చింది. ఆ నెల 28న 274–261 ఓట్లతో విశ్వాసం పొందింది. పదమూడు నెలలు నడిచింది. 1999 ఏప్రిల్‌లో జయలలిత గారి అన్నాడీఎంకే 18 మంది సభ్యులతో మద్దతు ఉపసంహరించుకుంది. అప్పటి రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ గారు ప్రధానిని సభలో విశ్వాసం నిరూపించుకోమన్నారు. మూడు రోజుల చర్చ జరిగింది. ఏప్రిల్ 17న ఓటింగ్. అన్నాడీఎంకే వెళ్లిపోతే డీఎంకే వచ్చి ప్రభుత్వం పక్కన నిలబడింది. తటస్థంగా ఉంటారనుకున్న బీఎస్పీ సభ్యులు అయిదుగురూ ఆఖరి నిమిషంలో వ్యతిరేకంగా వేశారు. నేషనల్ కాన్ఫరెన్స్‌కు చెందిన సైఫుద్దీన్ సోజ్ సొంత పార్టీ విప్‌ను కాదని వ్యతిరేకంగా వేసి, ఆ తర్వాత పార్టీ నుంచి బహిష్కృతులయ్యారు. ఇక కోరాపుట్ ఎంపీ గిరిధర్ గమాంగ్. ఆయన ఫిబ్రవరిలోనే ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు. కానీ ఎంపీ పదవికి ఇంకా రాజీనామా చేయలేదు. ఆయనా వచ్చి వ్యతిరేకంగా వేశారు.

మన గ్రౌండులో బేసి సంఖ్య వస్తే ఏం చేస్తాం? మిగిలిన ఒక్కణ్ని "కామన్" అంటాం. వాడు ఇటూ బ్యాటింగ్ చేస్తాడు, అటూ బ్యాటింగ్ చేస్తాడు. ఓడిన జట్టు కోపమంతా వాడి మీదే. గమాంగ్ గారి పరిస్థితి అచ్చం అదే అయ్యింది. భువనేశ్వర్‌లో ముఖ్యమంత్రి, ఢిల్లీలో ఎంపీ. రాజ్యాంగం 164వ అధికరణం ప్రకారం శాసనసభ్యుడు కాని వ్యక్తి ఆరు నెలల వరకు మంత్రిగా ఉండవచ్చు. ఆ గడువు ఇంకా దాటలేదు. కాబట్టి ఆయన ఇంకా ఎంపీయే.

అయినా ఈ రోజుకీ ఆ ప్రభుత్వాన్ని ఎవరు పడగొట్టారంటే చాలామంది ఆయన పేరే చెబుతారు. ఒక ఆదివాసీ ఎంపీ వేసిన ఒక్క ఓటు అంటారు. నేను అడిగేది ఒక్కటే. వ్యతిరేకంగా పడినవి 270 ఓట్లు కదా? అందులో ఆఖరి ఓటు ఏదో ఎలా తేలుస్తారు? సోజ్ గారు పార్టీ మాట విని ఉంటే స్కోరు 270–269 అయ్యేది, ప్రభుత్వం నిలిచేది. బీఎస్పీ వాళ్లు ముందు అన్నట్టే ఓటు వేయకుండా కూర్చుంటే 269–265, ప్రభుత్వం హాయిగా నిలిచేది. అన్నాడీఎంకే 18 మంది సంగతి సరేసరి. గొలుసులో ఏ లింకు తెగినా గొలుసు తెగినట్టే. అయినా వేలు మాత్రం ఒక్కరి వైపే చూపిస్తారు. బలం తక్కువ ఉన్నవాడి వైపు వేలు చూపడం తేలిక. ఈ మాట మన హాస్టల్ పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక్కడ క్రికెట్ మాట ఒకటి. సరిగ్గా రెండు నెలలకు, 1999 జూన్ 17న, బర్మింగ్‌హామ్ ఎడ్జ్‌బాస్టన్ మైదానంలో ప్రపంచ కప్ సెమీఫైనల్. ఆస్ట్రేలియా 213. దక్షిణాఫ్రికాకు ఆఖరి ఓవర్లో తొమ్మిది కావాలి, చేతిలో ఒక్క వికెట్. క్లూస్‌నర్ మొదటి రెండు బంతుల్నీ ఫోర్లు కొట్టాడు. స్కోర్లు సమం. నాలుగు బంతుల్లో ఒక్క పరుగు చాలు. నాలుగో బంతికి క్లూస్‌నర్ పరుగెత్తాడు, అవతల డోనాల్డ్ బ్యాటు జారవిడుచుకుని ఆలస్యంగా కదిలాడు, రనౌట్. మ్యాచ్ టై. సూపర్ సిక్స్ పట్టికలో పైన ఉన్నందుకు ఆస్ట్రేలియా ఫైనల్‌కు వెళ్లి కప్పు కొట్టింది. ఆ వీడియో ఫోన్లలో మనమంతా చూసిందే. అందరూ డోనాల్డ్‌నే తిడతారు. కానీ నాలుగు రోజుల ముందు, జూన్ 13న, అదే ఆస్ట్రేలియా మీద సూపర్ సిక్స్‌లో దక్షిణాఫ్రికా గెలిచి ఉంటే? ఆ రోజు స్టీవ్ వా క్యాచ్‌ను గిబ్స్ జారవిడిచాడు. వా 120 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. అంటే సెమీఫైనల్ సగం జూన్ 13నే పోయింది. జూన్ 17న మనకు కనిపించింది కేవలం రనౌట్.

వాజ్‌పేయి ప్రభుత్వం కూడా ఏప్రిల్ 17న ఒక్క రోజులో పడలేదు. పదమూడు నెలలుగా మిత్రపక్షాలను బుజ్జగించడంలోనే పొద్దుపుచ్చుతూ వచ్చింది. ఆఖరి రోజు మనకు కనిపించింది రనౌట్.

ఇక అంపైర్ సంగతి. మా కోనసీమ వాళ్లకు ఇది ఇంటి విషయం. ఆనాటి స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి గారు. ఎదుర్లంకలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, అమలాపురం నుంచి ఎంపీ అయ్యారు. లోక్‌సభకు మొట్టమొదటి దళిత స్పీకర్. రాష్ట్రపతి భవన్‌లో మొట్టమొదటి దళిత రాష్ట్రపతి నారాయణన్ గారు. ఫీజు కట్టలేక తరగతి బయట నిలబడి పాఠాలు విన్న పిల్లవాడు ఆయన. దేశం సంక్షోభంలో పడిన ఆ రోజు ఎవరిని పిలవాలి, ఎవరి ఓటు చెల్లుతుంది అన్న ప్రశ్నలు ఈ ఇద్దరి ముందుకే వచ్చాయి. ఈ సంగతి నాకు పాఠ్యపుస్తకంలో ఎక్కడా కనిపించలేదు. మన హాస్టల్ గోడ మీద రాసుకోదగ్గ సంగతి అని నా అభిప్రాయం.

గమాంగ్ ఓటు వేయకూడదని అధికార పక్షం అభ్యంతరం చెప్పింది. బాలయోగి గారు ఆ నిర్ణయాన్ని ఆ సభ్యుడి అంతరాత్మకే వదిలేశారు. బాలయోగి గారు తెలుగుదేశం నుంచి వచ్చినవారు. తెలుగుదేశం ఆ రోజు ప్రభుత్వం వైపే ఓటు వేసింది. అంటే ఆయన నిర్ణయం వల్ల దెబ్బ తిన్నది ఆయన వైపు వాళ్లే. మన గ్రౌండులో బ్యాటింగ్ జట్టు వాడే అంపైరింగ్ చేస్తాడు. సొంత బ్యాట్స్‌మన్ అవుటైతే వేలెత్తే వాడెంతమంది? "నో బాల్" అని అరిచేవాళ్లే ఎక్కువ. అంతర్జాతీయ క్రికెట్లో కూడా ఈ బాధ పడలేకే 2002 నుంచి టెస్టులకు ఇద్దరు అంపైర్లనూ బయటి దేశం నుంచి తెచ్చారు. పార్లమెంటుకు బయటి దేశం నుంచి స్పీకర్‌ను తేలేం. ఏదో ఒక జట్టు నుంచి వచ్చినవాడే కుర్చీ ఎక్కాక జట్టును మరచిపోవాలి.

ఆయన చేసింది తప్పు అనేవాళ్లున్నారు. ముఖ్యమంత్రి అయ్యాక ఎంపీగా ఓటు వేయడం మర్యాద కాదంటారు. మర్యాద కాదనే నేనూ అంటాను. కానీ ఆ మర్యాద పాటించాల్సింది గమాంగ్ గారు, ఆయన పార్టీ. చట్టం ప్రకారం సభ్యుడైన మనిషి ఓటును లాక్కునే అధికారం స్పీకర్‌కు ఎక్కడిది? ఈ రోజు ఒకరి ఓటు సభామర్యాద పేరుతో తీసేస్తే, రేపు ఇంకొకరి ఓటు ఇంకో పేరుతో తీసేస్తారు. ఓటు లేని తరాల నుంచి వచ్చిన మనకు ఈ విషయంలో అనుమానం ఉండకూడదు.

ఇంకో మాట. గమాంగ్ గారు ఆ రోజు రాకపోయి ఉంటే 269–269. మనవాళ్లకు సూపర్ ఓవర్ తెలుసు. పార్లమెంటు సూపర్ ఓవర్ రాజ్యాంగం 100వ అధికరణంలో ఉంది. స్పీకర్ మామూలుగా ఓటు వేయరు. ఓట్లు సమానమైతే మాత్రం నిర్ణాయక ఓటు వేయాలి. అంటే ఎదుర్లంకలో పుట్టిన మనిషి ఒక్క చేయి మీద భారత ప్రభుత్వం ఉండేది. అక్కడిదాకా రాలేదు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు. యానాం–ఎదుర్లంక వారధికి ఆయన పేరే పెట్టారు. ఇంటికి వెళ్లేటప్పుడు బస్సు ఆ వంతెన ఎక్కగానే నాకు 269–269 గుర్తొస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ప్రభుత్వాన్ని పడగొట్టినవాళ్ల వ్యూహం సంగతి.

రాష్ట్రపతి విశ్వాసం నిరూపించుకోమన్నారు కాబట్టి ప్రతిపక్షాలకు అవిశ్వాస తీర్మానం పెట్టే పని తప్పింది. తీర్మానం పెట్టాలంటే కూర్చుని మాట్లాడుకోవాలి, ఎవరు పెడతారో, ఎందుకు పెడుతున్నారో తేల్చుకోవాలి. ఆ పని లేకపోవడంతో "వద్దు" అంటే సరిపోయింది. ఎవరి కారణం వాళ్లది. 270 మంది వద్దన్నారు. మరి ఎవరు కావాలి? అక్కడ చీలిపోయారు. నాలుగు రోజుల తర్వాత కాంగ్రెస్ అధ్యక్షురాలు సోనియా గాంధీ గారు రాష్ట్రపతిని కలిసి తమకు 272 మంది ఉన్నారన్నారు. ములాయం సింగ్ యాదవ్ గారి సమాజ్‌వాదీ పార్టీ మద్దతు ఇవ్వనంది. లెక్క తేలలేదు. ఏప్రిల్ 26న లోక్‌సభ రద్దయింది.

రద్దయ్యే ముందు ఆ సభ ఏం చేసిందో తెలుసా? ఆ ఏడాది బడ్జెట్‌ను చర్చ లేకుండానే ఆమోదించింది. బడ్జెట్ అంటే మనకు వేరే ఎవరిదో లెక్క కాదు. స్కాలర్‌షిప్పులు, హాస్టళ్లు, బియ్యం అన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి. ఎవరు పాలించాలి అన్నదాని మీద మూడు రోజులు మాట్లాడినవాళ్లు, డబ్బు ఎక్కడికి పోవాలి అన్నదాని మీద మాట్లాడుకోలేకపోయారు. తర్వాత మే నెలలో కార్గిల్ యుద్ధం వచ్చింది. 527 మంది సైనికులు ప్రాణాలిచ్చారు. ఆ సమయంలో దేశానికి ఉన్నది ఆపద్ధర్మ ప్రభుత్వం. దాన్ని నిలబెట్టి ప్రశ్న అడగడానికి లోక్‌సభే లేదు. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎన్నికలు. 1996, 1998, 1999. మూడున్నరేళ్లలో మూడుసార్లు జనం ఎండలో, వానలో వరుసల్లో నిలబడ్డారు. ఆఖరికి ఏ ప్రభుత్వాన్ని దింపారో అదే ఇంకా ఎక్కువ బలంతో తిరిగి వచ్చింది.

అయితే ప్రభుత్వాలను దింపనే కూడదా? అలా అనుకుంటే అంబేద్కర్‌ను చదవనట్టే. 1948 నవంబర్ 4న ముసాయిదా రాజ్యాంగాన్ని సభ ముందు పెడుతూ ఆయన ఈ విషయం స్పష్టంగా చెప్పారు. అమెరికా పద్ధతిలో స్థిరత్వం ఎక్కువ, బాధ్యత తక్కువ. పార్లమెంటు పద్ధతిలో బాధ్యత ఎక్కువ, స్థిరత్వం తక్కువ. రెండూ సమానంగా ఇచ్చే పద్ధతి లేదు కాబట్టి మనం బాధ్యతనే ఎంచుకున్నామని ఆయన వివరించారు. జనం అయిదేళ్లకోసారి పరీక్ష పెడతారు, సభ్యులు ప్రశ్నలతో, తీర్మానాలతో, అవిశ్వాసంతో రోజూ పరీక్ష పెడతారు. అందుచేత దింపే హక్కు మన రాజ్యాంగం మనకు తెలిసే ఇచ్చిన హక్కు. దాన్ని వదులుకోమని నేను చెప్పను.

కానీ దింపేవాడికి కూడా బాధ్యత ఉండాలి కదా? జర్మనీ రాజ్యాంగం 67వ అధికరణం ప్రకారం అక్కడి సభ ఛాన్సలర్‌ను దింపాలంటే అదే తీర్మానంలో కొత్త ఛాన్సలర్‌ను ఎన్నుకోవాలి. 1982 అక్టోబర్ 1న అలాగే ష్మిట్‌ను దింపి కోల్‌ను ఎన్నుకున్నారు. మన దేశంలో జస్టిస్ వెంకటాచలయ్య గారి అధ్యక్షతన రాజ్యాంగ సమీక్షా కమిషన్ కూడా 2002లో ఇలాంటి పద్ధతినే సూచించింది. అది అమలు కాలేదు. ఈ నియమం ఉంటే చెడ్డ ప్రభుత్వం కూడా ప్రతిపక్షాల అనైక్యతను అడ్డం పెట్టుకుని కుర్చీలో కూర్చుంటుందని కొందరు మా క్లాసులోనే వాదించారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. అయినా నేను ఆ నియమం వైపే. ఎందుకో చెప్పడానికి నా తప్పు ఒప్పుకోవాలి.

2021 అక్టోబర్ 24, ఆదివారం. దుబాయ్‌లో టీ20 ప్రపంచ కప్, పాకిస్తాన్‌తో మ్యాచ్. నేను డిగ్రీ. మన మెస్ కమిటీ లీడర్‌గా ఫైనలియర్ అన్నయ్య ఉండేవాడు. మెస్ బిల్లులు నెలల తరబడి రాలేదు. కిరాణా షాపు బాకీ పెరిగిపోయింది. అన్నయ్య వరుసగా మూడు ఆదివారాలు చికెన్ ఆపి ఆ డబ్బు షాపుకు కట్టాడు. మ్యాచ్ రోజు కూడా కోడికూర లేదనేసరికి మాకు మండింది. ఇన్నింగ్స్ విరామంలో మీటింగ్ పెట్టాం. చేతులెత్తి లెక్కపెట్టారు. దింపాలన్నవాళ్లు 31, వద్దన్నవాళ్లు 30. నేను 31లో ఉన్నాను. లెక్క అడగలేదు, తర్వాత ఎవరని అడగలేదు. చెయ్యెత్తి, దించి, రెండో ఇన్నింగ్స్‌కు పరుగెత్తాను. పాకిస్తాన్ ఒక్క వికెట్ కూడా పోకుండా కొట్టేసింది. ఆ రాత్రి అదే పెద్ద బాధ అనుకున్నాను.

మర్నాడు ఎవరూ లీడర్‌గా ఉండటానికి ముందుకు రాలేదు. బాకీ ఎవరు మోస్తారు? షాపాయన ఆ అన్నయ్య ముఖం చూసి అప్పు ఇచ్చేవాడు. ఇప్పుడు నగదు తెమ్మన్నాడు. పదకొండు రోజులు పప్పుచారు, పలచటి మజ్జిగ. కామాటి బాబాయ్ తన ఇంటి నుంచి రెండుసార్లు కూరగాయలు తెచ్చాడు. ఫస్టియర్ తమ్ముడొకడు ఊరెళ్లి వస్తానని వెళ్లి ఆ ఏడాది మళ్లీ రాలేదు. కారణం మెస్ ఒక్కటే అనను. కానీ ఆ పదకొండు రోజులూ కారణం కాదని కూడా అనలేను.

పన్నెండో రోజు అందరం వెళ్లి అన్నయ్యను బతిమాలాం. వచ్చాడు. ఒక్క మాటన్నాడు. "నన్ను దింపడం మీ హక్కేరా. కానీ రేపు బియ్యం ఎవరు తెస్తారని మీలో మీరైనా అడుక్కోవాలి కదా."

మా నాన్న దింపు కార్మికుడు. నలభై అడుగుల కొబ్బరిచెట్టు ఎక్కుతాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే. ఈ సంగతంతా సెలవుల్లో ఆయనకు చెబితే, "కింద కాలు ఎక్కడ పెట్టాలో చూసుకోకుండా చెట్టు మీద చెయ్యి వదిలేత్తారేంట్రా ఎవరైనా?" అన్నాడు. 67వ అధికరణం మా నాన్నకు ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు మాలో ఎవరు 31వ ఓటు? నేనా, నా పక్కవాడా? ఎవరికి వారు "నా ఒక్కడి ఓటుతో ఏమవుతుంది" అనుకున్నవాళ్లమే. 269, 270 చదివాక తెలిసింది, ప్రతి ఓటూ ఆఖరి ఓటే.

తమ్ముళ్లూ, క్రికెట్ చూడండి. నేనూ చూస్తాను. బిల్లులు రాకపోతే ప్రశ్నించండి, లెక్కలు అడగండి, లీడర్ తప్పు చేస్తే దింపండి కూడా. అయితే ఈసారి వార్షిక సమావేశంలో ఒక తీర్మానం పెట్టమని కోరుతున్నాను. మన మెస్ కమిటీ నియమాల్లో ఒక్క వాక్యం చేర్చుకుందాం. లీడర్‌ను దింపే తీర్మానంలోనే కొత్త లీడర్ పేరు, షాపు బాకీకి అతని సమ్మతి ఉండాలి. పార్లమెంటుకు చెప్పేటంత వాళ్లం ఎప్పుడవుతామో తెలియదు. ముందు మన గిన్నెల దగ్గర మొదలుపెడదాం.

ఇంకొకటి. ఆ మీటింగు మాత్రం మ్యాచ్ లేని రోజు పెట్టండి.

జై భీమ్.